డ్యూరరు చెక్కిన విషాదమూర్తి



జర్మనీ దేశమున న్యూరెంబర్గు పట్టణమునందు 1471వ సంవత్సరమున ఒక స్వర్ణకారుని యింట ఆల్బ్రెక్టు డ్యూరరు జనించెను. తండ్రియొద్ద లోహపుపని నేర్చి, పిదప చిత్రకళ నభ్యసించెను. ఆతడు 1514లో రాగిరేకుపై చెక్కిన ‘మెలెంకోలియా’ యను చిత్రమును గూర్చి నేడు ముచ్చటింతము. ఆ మాటకు విషాదమని యర్థము. చిత్రపు టెత్తు ఇంచుమించు 24 సెంటీమీటర్లు. అనగా జేనకు కొంచెము హెచ్చు.

మన పెద్దలు తాటాకుపై గంటముతో వ్రాసి, మసి పూసి తుడిచెడివారు. గీతలో నలుపు నిలిచి అక్షరము కనబడెడిది. ఇందలి మర్మమును అట్టిదే. ఉక్కు ఉలితో రేకును సన్నని చాళ్లుగా దొలిచి, సిరా నింపి, పైభాగమును తుడిచి, తడికాగితముపై నచ్చొత్తుదురు. అచ్చు తిరుగబడి వచ్చును గనుక అంకెలను సైతము తారుమారుగా చెక్కవలెను. గీతలు ఒండొంటిని దాటి దట్టమైనచో చీకటి, పలుచనైనచో లేతనీడ. చెక్కక విడిచిన తావే వెలుగు.

ఇక చిత్రమును చూతము. కుడిప్రక్కన రెక్కలు గల యొక స్త్రీ చెంపకు చేయి చేర్చి కూర్చున్నది. రెండవ చేతిలో వృత్తలేఖిని కలదు. కాని అది కదలుట లేదు. పాదములచెంత ఱంపము, మేకులు పడియున్నవి. ఎడమ దిక్కున గుండ్రని బంతి, పలుముఖముల రాతిదిమ్మ, నిద్రించు కుక్క. తలపై త్రాసు, ఇసుకగడియారము, గంట. గంటక్రింద పదునారు గడుల పట్టిక. నిలువుగ, అడ్డముగ, మూలకు మూలగ ఎటు కూడినను 34 వచ్చును. అడుగువరుస నడిమి గడులలో 15, 14 అను నంకెలు చిత్రరచనా సంవత్సరమును తెలుపుచున్నవి. దూరమున సముద్రముపై తోకచుక్క, ఇంద్రధనుస్సు.

కొలుచుటకు, తూచుటకు, కోయుటకు సాధనములన్నియు నున్నవి. పని మాత్రము నిలిచిపోయినది. ఏటవాలు నిచ్చెన మన చూపును పైకి గొనిపోవును. దాని కొన చిత్రపు టంచును దాటిపోవుటచే కానరాదు. భారమంతయు క్రింద, మార్గము పైన: చిత్రపు కూర్పులోనే యాస్త్రీ మనోవేదన గోచరించుచున్నది.

నల్లపిత్తము హెచ్చినవారికి విషాదము కలుగునని పూర్వ యూరోపు వైద్యులు తలచిరి. దానిని హీనస్వభావముగ నెంచిరి. ఫ్లారెన్సు పండితుడగు ఫిసీనో (1433–1499) మాత్రము, అది గొప్ప యాలోచనాపరులకును సహజమని వాదించెను. డ్యూరరు చిత్రమున ఈ రెండు భావములును కలిసియున్నవి. ఆ స్త్రీ ముఖమును గీతలతో నల్లన చేసి, కంటి తెలుపును మాత్రము చెక్కక విడిచెను. శరీరము అలసినది, చూపు అలయలేదు.

అదే సంవత్సరము మే నెలలో డ్యూరరు తల్లి మరణించెను. ఈ చిత్రము ఆ దుఃఖమునకు ఫలమని నిశ్చయింప మన కధికారము లేదు. ఒక్కటి మాత్రము కనులయెదుట నున్నది: చేతులుడిగిన స్థితిని చూపుటకు ఆ శిల్పి చేతులు వేలకొలది గీతలు చెక్కినవి. తెలిసినదంతయు చాలని వేళ మనకును వచ్చును. అప్పుడు ఈ చీకటిముఖమున మేల్కొనియున్న కన్నును తలచుకొందము.