దర్వాజా, ఖిడ్కీ, మా కాలిబాట

మా పెద్ద అంబర్‌పేట్‌లో రెండు కాలనీల ప్రహరీగోడల నడుమ ఒక సన్నని కాలిబాట ఉన్నది. వెనుక ఇళ్ళవారు బస్సు కొరకు విజయవాడ రోడ్డు మీదికి ఆ బాటనే వచ్చేవారు. పోయిన యేడు వరుసగా రెండిళ్ళలో దొంగలు పడ్డారు. చీకటి పడితే ఆ సందులో సీసాలు, పేకాట. ఇనుప గేటు పెట్టి తాళం వేయాలని కాలనీ పెద్దలు అర్జీ తయారుచేస్తే, సంతకం చేసినవారిలో నేనూ ఒకణ్ణి. సర్వీసులో ఉన్నన్నాళ్ళు ఫైలు పూర్తిగా చదవనిదే సంతకం పెట్టలేదని చెప్పుకునేవాణ్ణి. ఆ కాగితం మాత్రం వాకిట్లో నిలబడే చదివాను.

గేటు పడ్డాక వెనుక వీధి మిత్రుడొకరు, నాకంటే నాలుగేళ్ళు పెద్దవారు, కనిపించి, "మీ గేటు పుణ్యమా అని లారీల పక్కనుంచి నడుస్తున్నానయ్యా" అన్నారు. ఆ మాట గుచ్చుకున్నది. అప్పటినుంచి ఈ విషయమై చదువుతూ వచ్చాను.

దారి మూసి దొంగను ఆపడం హైదరాబాదుకు కొత్తేమీ కాదు. మొగలుల సుబేదారు ముబారిజ్ ఖాన్ 1724లో నగరం చుట్టూ గోడ మొదలుపెట్టాడు. ఆ యేడే అతడు నిజాముల్ముల్క్ చేతిలో యుద్ధంలో హతుడయ్యాడు. గోడను నిజామే 1740 నాటికి పూర్తి చేయించాడు. అలియాబాద్, యాకుత్‌పురా, దబీర్‌పురా, పురానాపూల్ వంటి 13 దర్వాజాలు ఉండేవి. రాత్రి పొద్దుపోయాక వాటిని మూసి పహరా పెట్టేవారు. అయితే ఆ గోడకే ఖిడ్కీలు కూడా ఉండేవి. అవి కిటికీలు కావు, కాలినడక మనుషులు వచ్చిపోయే చిన్న ద్వారాలు. ఖిడ్కీ బూద్ అలీ షా అనే మొహల్లా పేరు నేటికీ వినిపిస్తుంది. ఏనుగులకూ బండ్లకూ పెద్ద వాకిలి కడుతూ, నడిచేవాణ్ణి మరువలేదన్నమాట. గోడలో కొంత 1908 మూసీ వరదలో పోయింది, తక్కినది నగరం పెరిగి పోయింది. పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రం మిగిలాయి.

మన కాలంలో ఈ పనిని చట్టంగా చేసినవారు ఇంగ్లండు వారు. అక్కడ పాత వరుస ఇళ్ళ వెనుక సందులుంటాయి. దొంగలకు అవే రాజమార్గం. నేరాల నివారణకు బాటను శాశ్వతంగా మూసే వీలు 2000 సంవత్సరపు చట్టం కల్పించింది. బాట మీద జనం హక్కు పోకుండా గేటు మాత్రం పెట్టే పద్ధతి 2005 చట్టంతో వచ్చింది. 2014 చట్టం ప్రకారం అటువంటి ఉత్తర్వుకు గడువు మూడేళ్ళు, కావాలంటే మళ్ళీ పొడిగించుకోవాలి. లివర్‌పూల్‌లో గేట్లు పెట్టిన సందుల్లో ఇళ్ళ దొంగతనాలు దాదాపు 37 శాతం తగ్గినట్లు 2004లో పరిశోధకులు లెక్కకట్టారు. కనుక గేటు పనికిరాదనడం అబద్ధం. అయితే అవి ఎక్కువగా ఆ ఇళ్ళవారే వాడే పెరటి సందులు, తాళంచెవులు వారి చేతిలోనే ఉంటాయి. మాది ఊరివారు దాటిపోయే బాట. ఈ తేడా నాకు సంతకం పెట్టేనాడు తట్టలేదు. పైగా అక్కడ ముందుగా అందరినీ అడగాలి, వేరే అనువైన దారి ఉన్నదా అని చూడాలి.

మన దగ్గరా అడిగే పద్ధతి లేకపోలేదు. సికింద్రాబాదు కంటోన్మెంటు రోడ్ల గొడవ అందరికీ తెలిసినదే. భద్రత పేరిట మిలిటరీవారు రోడ్లు మూస్తే, కాలనీలవారు మైళ్ళు చుట్టి తిరిగారు. 2006 కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షను ప్రకారం, జనం వాడే వీధిని శాశ్వతంగా మూయాలంటే బహిరంగ ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. 2018 మేలో, నిర్మలా సీతారామన్ రక్షణ మంత్రిగా ఉండగా, దేశమంతటా మూసిన కంటోన్మెంటు రోడ్లు తెరవమని ఆదేశం వచ్చింది. ఆ తరువాతా కొన్ని రోడ్ల పేచీ తీరలేదు.

ఇక మామూలు ఊళ్ళలో, బహిరంగ మార్గానికి అక్రమంగా అడ్డుపెడితే తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వివ్వవచ్చు. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 133వ సెక్షను. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వది. కాలనీ సంఘానికి ఈ సెక్షను చూపించాను. "మీరూ సంతకం పెట్టారు కదండీ" అన్నారు. నిజమే.

కోర్టుల దాకా ఎందుకని రెండో అర్జీ రాశాను. గేటు ఉండనీయండి, రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు వరకే తాళం వేయండి, వెనుక వీధివారికీ చెవులివ్వండి, సందులో ఒక దీపం పెట్టండి అని. మొదటి సంతకం లారీల పక్కన నడుస్తున్న ఆ మిత్రుడిదే. పూర్తిగా చదివిన తరువాతే చేశారు.