చెరువులు, కట్టడములు, కట్టడి

హైదరాబాదు నగరప్రాకారమునకు గల ద్వారములలో గౌలిపుర దర్వాజా యొకటి. ఆ ద్వారమును, దాని కిరుప్రక్కల సాగిన గోడయు నేడు కానరావు. దబీర్‌పుర, పురానాపుల్ ద్వారములు మాత్రమే పూర్వస్థితిని తలపించుచు నిలిచియున్నవి. గోడ పోయినందులకు నాకు పెద్దగా చింత లేదు. నగరము పెరిగినకొలది గోడలు కూలుట సహజమే. కాని మా గౌలిపుర పేటకు చేరువనే యుండిన మీర్‌జుమ్లా తలాబు సైతము నామావశేషమై, కట్ట తలాబ్‌కట్ట యను పేటయై, గర్భము ఇండ్లతో నిండిపోవుట వేరొక జాతి నష్టము. 1975లో అవతరించి, 2008లో మహానగరాభివృద్ధి సంస్థగా రూపాంతరము నొందిన నగరాభివృద్ధి సంస్థ ‘హుడా’ యేబదియేండ్ల చరిత్రను ఈ ప్రత్యేక సంచికకై వ్రాయబూనినపుడు, అది నిర్మించినవానికంటె నిలువరింపదలచిన నిర్మాణములే నాకు ముఖ్యముగా తోచినవి.

ఈ చరిత్రకు బీజము 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరదలో నున్నది. నాటి నిజాము మహబూబ్ అలీఖాన్ లాల్‌దర్వాజా అమ్మవారికి పూజ చేయించి ప్రవాహమును శాంతింపజేసెనని మా పెద్దలు చెప్పుకొనుట కద్దు. మరుసటి యేడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మాత్రము లెక్కల నాశ్రయించెను. మూసీ పరీవాహకప్రాంతమున 788 చెరువు లుండగా, వానిలో 221 తెగినవని ఆయన తేల్చెను. అనగా పై చెరువు తెగి క్రింది చెరువుపై బడ, అదియు తెగి ఆపై దానిపై బడ, గొలుసుకట్టు చెరువుల నీరంతయు ఒక్కుమ్మడిగా నగరముపై విరుచుకొని పడినదన్నమాట. 1912లో ఆరాయిష్ బల్దా యను నగరాభివృద్ధి మండలి యేర్పడినది. 1920 నాటికి ఉస్మాన్‌సాగరము, 1927 నాటికి హిమాయత్‌సాగరము అను జంటజలాశయములు సిద్ధమైనవి. ఆ మండలి పనితన మెట్టిదో తెలియగోరువారు పత్తర్‌గట్టీ వెంబడి నడచిపోయిన చాలును: ఒకే రాయి, ఒకే తీరు కమానులు, ఏ యంగడియు ప్రక్కయంగడిని మించి వీథిలోనికి చొరబడని క్రమము. నేటి సైన్‌బోర్డులు ఆ కమానులను మూసివైచుటకు మండలి బాధ్యత లేదు. రాచరికమున శాసనము అందరికి సమానముగా నుండెనని నేననను. చెప్పినది చేయించుటకు ఒకే అధికారము, ఒకే పటము నుండినవని మాత్రము చెప్పవచ్చును.

హుడా కాలమునకు ఆ ఏకత్వము చెదరినది. నగరమునకు ప్రణాళిక గీయువా రొకరు, ఇంటి ప్లానుపై ముద్రవేయు మునిసిపాలిటీ వేరొకరు, చెరువుకట్టయు తూమును నీటిపారుదలశాఖవి, చెరువుగర్భము రెవెన్యూశాఖది. దీనికితోడు శిఖం పట్టా యను నొక చిక్కుముడి. నీరు వెనుకకు తగ్గినపుడు బయటపడు తడినేలను సాగుచేసికొనుటకై పూర్వము రైతున కొసగిన యా హక్కు, నగరము దాపురింపగనే ప్లాట్లుగా తరిగి అమ్మబడినది. కొన్నవాడు కాగితము చూచెను, పన్ను కట్టెను, కరెంటు మీటరు పెట్టించుకొనెను. పదేండ్ల పిమ్మట నీవున్నది చెరువులో నని వానితో నన్నయెడల, ఆ మాట మునుపు తన్ను ఆదరించిన కార్యాలయమునుండియే వచ్చుట వానికి వింతగా తోపదా?

నియమములు లేకుండుట వలన ఈ చెరువులు పోలేదు. నియమము చేసిన చేతితోనే సడలింపు వ్రాయుట వలన పోయినవి. 1996లో వెలువడిన 111వ జీవో జంటజలాశయములచుట్టు పది కిలోమీటర్లలోని 84 గ్రామములలో కాలుష్యకారక పరిశ్రమలను, భారీ నిర్మాణములను నిషేధించినది. మరుసటి సంవత్సరమే ఒక నూనెల కర్మాగారమునకు ప్రభుత్వము మినహాయింపు నొసగగా, 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చినది. ఆ తీర్పు తరువాతను జీవోపై ఒత్తిడి తగ్గలేదు. 2022లో 69వ జీవో దాని స్థానమున వచ్చినది. నగరమధ్యమున నైతే సడలింపునకు పథకమను గౌరవనామమే కలిగినది: అక్రమభవనముల క్రమబద్ధీకరణకు 2007 చివర బీపీఎస్, 2015లో బీఆర్‌ఎస్, అక్రమ లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో ఎల్‌ఆర్‌ఎస్. రుసుము చెల్లించిన అక్రమము సక్రమమగును. చెరువుభూములకు ఇవి వర్తింపవని ఉత్తరువులు చెప్పినను, కొంతకాల మోపిక పట్టిన ఏదియో యొక పథకము రాకపోదన్న విశ్వాసము మాత్రము ప్రతి మేస్త్రీకిని కలిగినది. ప్లానుప్రకారము సెట్‌బ్యాక్ విడిచి గోడ కట్టినవాడు ఆ విశ్వాసము ముందు వెఱ్ఱివాడుగా లెక్కింపబడెను.

నీటియొడ్డున కట్టు రేవుల విషయముననైతే కట్టడియే ఆలస్యముగా వచ్చినది. 1990 మార్చి 10న బుద్ధవిగ్రహమును మోసికొనిపోవు బల్లకట్టు హుస్సేన్‌సాగరమున ఒరిగి, విగ్రహముతోబాటు పలువురి ప్రాణములును నీటిపాలైనవి; విగ్రహము 1992 డిసెంబరులోగాని పీఠ మెక్కలేదు. ఎంత బరువునకు ఎట్టి నావ, ఎట్టి రేవు అను ప్రశ్న బయలుదేరుటకు ముందే అడుగవలసినది. దేశమున 1917నాటి లోతట్టు నౌకల చట్టము మారుటకు 2021 వరకు పట్టినది. ఈ మధ్యలోనే 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు పడవప్రమాదము జరిగినది.

2010లో మహానగరాభివృద్ధి సంస్థ క్రింద చెరువుల పరిరక్షణసంఘ మేర్పడినది. 2012 భవననిర్మాణ నియమములలో, పది హెక్టార్లు, ఆపై చెరువులకు పూర్తి నీటిమట్టపు రేఖనుండి 30 మీటర్లు, అంతకు చిన్నవానికి 9 మీటర్లు విడువవలెనని స్పష్టముగా వ్రాయబడినది. అయితే ఆ రేఖ యెక్కడ? దానిని నిర్ణయించు తొలి ప్రకటనలు పెక్కు వెలువడినను, తుది ప్రకటనకు నోచుకొన్న చెరువులు మొదటి పదేండ్లలో కొలదియే. రేఖ తేలని చోట 30 మీటర్లు ఎక్కడనుండి కొలువవలెను? 2020 అక్టోబరు వానలలో పల్లెచెరువు, గుర్రంచెరువు పొంగి పాతనగరపు దక్షిణపుటంచునగల బస్తీలను ముంచినపుడు ఆ కొలతను నీరే తీసికొన్నది.

2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించు ‘హైడ్రా’ సంస్థ వచ్చినది. మాదాపూరు తమ్మిడికుంటలోని ప్రసిద్ధ సమావేశమందిరమును కూల్చినపుడు, ధనికునికిని చట్టము వర్తించునని నగరము ఆశ్చర్యపడినది; సెలవురోజున కూల్చుట యెందులకని సెప్టెంబరులో హైకోర్టు నిలదీసినపుడు, పేదవానికి నోటీసైనను అందవలదా యని అదే నగరము తలయూచినది. రెండును న్యాయమే. 2025లో అంబరుపేట బతుకమ్మకుంట తిరిగి నీటితో నిండుట చూచితిమి. బుల్డోజరొక్కటే యా పని చేయలేదు, ఏండ్లతరబడి సాగిన వ్యాజ్యమునందు సర్వే కాగితములును చేసినవి.

కావున ఈ స్వర్ణోత్సవ వత్సరమున సంస్థను మే మడుగునది మరొక నూతన చట్టము కాదు. తుది ప్రకటన కాని ప్రతి చెరువునకును దానిని పూర్తిచేసి, గట్టున హద్దురాళ్లు నాటించి, ఆ పటమును గౌలిపురతో సహా ప్రతి వార్డు కార్యాలయమునందును తెలుగున, ఉర్దూలోను గోడకు తగిలింపవలెను. ప్లాటు కొనగోరువాడు బయానా యిచ్చుటకు పూర్వమే దానిని చూచుకొనును.