తపాలా ఓటు: సందేహమును, సాక్ష్యమును

తమిళనాటి ఉత్తరమేరూరు గ్రామమున చోళరాజైన మొదటి పరాంతకుని కాలపు శాసనములు రెండు కలవు. క్రీ. శ. 919, 921 సంవత్సరములనాటి యీ శాసనములు గ్రామసభకు సభ్యుల నేర్పరచు విధానమును వివరించుచున్నవి. అర్హులైన వారి పేర్లు తాటియాకు ముక్కలపై వ్రాసి కుండలో వేసి, సభవారందరి యెదుట ఒక బాలునిచేత ఆకును తీయింపవలెను. ఆ యాకు నందుకొను మధ్యస్థుడు అయిదు వ్రేళ్లును చాచి, తెరచిన అరచేతితో దానిని పుచ్చుకొనవలెనని నియమము. అది నేటి యర్థమున ఓటు వేయుట కాదు, చీటి తీయుటయే. అయినను వేయేండ్లకు పూర్వమే ఆ గ్రామస్థులు గ్రహించిన సంగతి యొకటి యున్నది. చీటిలో ఎవరి పేరు వచ్చినదను ప్రశ్నకు ముందు, అది ఏ చేతిమీదుగా వచ్చినది, ఆ చేయి తెరచియున్నదా మూసియున్నదా యను ప్రశ్న కలదు.

పోలింగు కేంద్రమునకు స్వయముగా పోయి ఓటు వేయువానికి ఈ చింత తక్కువ. తెరచాటున తన నిర్ణయమును తెలిపి వచ్చును, పెట్టెకు కాపుండును, అభ్యర్థుల ఏజెంట్లు కన్నులార చూచుచుందురు. తపాలాలో వచ్చు ఓటు అట్లు కాదు. అది ఓటరు ఇంటివద్ద గుర్తింపబడి, కవరులో చేరి, తపాలా సంచులలో ప్రయాణము చేసి అధికారి బల్లమీదికి వచ్చును. ఇంటివద్ద ఓటరుపై ఎవరి ఒత్తిడియైనను ఉండెనా? దారిలో కవరు ఎవరి చేత బడినది? దానిపై సంతకము ఆ మనిషిదేనా? తపాలా ఓటు చరిత్రయందు చెలరేగిన వివాదములలో పెక్కింటికి ఈ మూడు ప్రశ్నలే మూలము. ప్రశ్నించుట తప్పు కాదు. ప్రశ్నకు సాక్ష్యము వెదకినచోట ఎన్నికల పద్ధతి బాగుపడినది. సాక్ష్యము లేకున్నను ప్రశ్ననే తీర్పుగా చాటినచోట ప్రజాస్వామ్యము గాయపడినది. ఈ రెండింటికిని అమెరికా చరిత్రలో దృష్టాంతములు పుష్కలముగా నున్నవి.

దూరమునుండి ఓటు వేయు హక్కు పెద్దయెత్తున చర్చకు వచ్చినది సిపాయిల కొఱకు. 1861లో అమెరికా అంతర్యుద్ధము ఆరంభమైన నాటికి, స్వస్థలమున లేని సైనికునకు దాదాపు ఏ రాష్ట్రమునను ఓటు వేయు వీలు లేకుండెను. పెన్సిల్వేనియాలో అట్టి చట్టముండెను గాని, అది రాష్ట్ర రాజ్యాంగమునకు విరుద్ధమని అచ్చటి సుప్రీంకోర్టు 1862లో తీర్పు చెప్పెను. 1864లో రాజ్యాంగమునే సవరించి ఆ హక్కును తిరిగి కల్పింపవలసి వచ్చెను. ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన అధ్యక్ష పదవికై అబ్రహాం లింకనును, ఆయనచే సేనాధిపత్యమునుండి తొలగింపబడిన మెక్లెల్లనును పోటీపడిరి. అప్పటికి ఉత్తరపక్షపు 25 రాష్ట్రములలో 19 రాష్ట్రములు యుద్ధభూమినుండియే ఓటు వేయుటకు సైనికులకు అనుమతి నిచ్చినవి. ఇండియానా ఇయ్యలేదు. కావున ఆ రాష్ట్రపు సైనికులను అక్టోబరు ఎన్నికకు ఇండ్లకు పంపుటకు వీలైన పంపుమని లింకను సేనాని షెర్మనుకు లేఖ వ్రాయవలసి వచ్చెను.

ఆనాటి వాదోపవాదములు నేటివారికి వింతగా తోపవు. ప్రాణములొడ్డి పోరాడువానికి ఓటు లేకుండుట అన్యాయమని లింకను పక్షమువారనిరి. పై అధికారి కనుసన్నల నుండు సిపాయి స్వేచ్ఛగా ఎట్లు ఓటు వేయగలడని ప్రతిపక్షమువారు అడిగిరి. రెండు మాటలలోను న్యాయమున్నది. సైనికులలో హెచ్చుమంది లింకనువైపు మొగ్గుదురను అంచనా ఇరుపక్షముల మనస్సులలోను ఉండినదనుటయు నిజమే.

కొన్ని రాష్ట్రములు శిబిరముననే ఓటు పెట్టె నుంచినవి. న్యూయార్కు పద్ధతి వేరు. అచ్చటి సైనికుడు తన ఓటు పత్రమును కవరులో మూసి, తన తరఫున దానిని వేయుమని అధికారపత్రముతో సహా స్వస్థలమునందలి వానికి పంపవలెను. ఇచ్చటనే మూసిన చేతికి చోటు దొరకినది. 1864 అక్టోబరులో బాల్టిమోరు నగరమున న్యూయార్కు ప్రతినిధులు కొందరు సైనికుల పేరను, అధికారుల పేరను దొంగసంతకములు చేసి మెక్లెల్లనుకు ఓట్లు సిద్ధపరచుచున్నారను నేరముపై పట్టుబడిరి. ఫెర్రీ, డోనహ్యూ అను వారిని సైనిక న్యాయసంఘము విచారించి దోషులుగా తీర్చెను. ఇట్లు దూరపు ఓటు విస్తృతముగా అమలైన మొదటి అధ్యక్ష ఎన్నికలోనే దొంగ ఓటును వెంట వచ్చెను. అంతమాత్రమున సైనికుల హక్కును రద్దుచేయవలసినదని చరిత్ర తీర్పు చెప్పలేదు.

ఎనుబదియేండ్ల తరువాత ఇదే ప్రశ్న మరియొక రూపమున వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లక్షలాది అమెరికను సైనికులు సముద్రముల కావల నుండిరి. వారందరికిని కేంద్ర ప్రభుత్వమే ఒకే విధమైన ఓటు పత్రమును పంపవలెనని అధ్యక్షుడు రూజ్‌వెల్టు కోరెను. దక్షిణాది శాసనసభ్యులు పలువురు దీనిని ప్రతిఘటించిరి. వారు ముందుంచిన వాదము రాష్ట్రముల హక్కు. స్వరాష్ట్రమున పలు అడ్డంకులచే ఓటునకు దూరముగా నుంచబడిన నల్లజాతి సైనికులు, ఈ పత్రముతో ఓటు వేయగలుగుదురను భయము ఆ వాదము వెనుక నుండెను. తుదకు 1944లో వెలువడిన చట్టము రాష్ట్రములకే పెత్తనము నిచ్చెను. అయినను ఆ సంవత్సరము సుమారు 26 లక్షలమంది సైనికులు ఓటు వేసిరి. తపాలా ఓటుపై చేయు ఆక్షేపణ యంతయు మోసమును గూర్చిన భయమే కాదని, ఎవరు ఓటు వేయుదురో యను భయము కూడ అందు కలసియుండవచ్చునని ఈ ఘట్టము తెలుపుచున్నది.

తరువాతి కాలమున ఈ సౌకర్యము సైనికులనుండి సామాన్యులకు వ్యాపించెను. కాలిఫోర్నియా రాష్ట్రము 1978లో కారణము చెప్పనక్కరలేకుండ ఎవరైనను తపాలాలో ఓటు వేయవచ్చునని అనుమతించెను. ఓరెగాను ఓటర్లు 1998లో ఎన్నికలను తపాలా ద్వారానే జరుపు విధానమును ఆమోదించిరి. 2000లో ఆ రాష్ట్రము అధ్యక్ష ఎన్నికను పూర్తిగా తపాలామీదనే జరిపెను. అచ్చట ఓటరు కవరుపై సంతకము చేయును. దానిని నమోదు పత్రములోని సంతకముతో పోల్చి చూచి, సరిపోయిన పిమ్మటనే లోని పత్రమును పేరు తెలియకుండ వేరుచేసి లెక్కింపునకు పంపుదురు. అనగా తెరచిన అరచేతికి బదులుగా సంతకపు పరీక్ష వచ్చినది.

ఈ కాపుదలలు చాలని సందర్భములును ఉన్నవి. వానిని దాచుట సత్యమునకు ద్రోహము. మయామీ నగరమున 1997లో జరిగిన మేయరు ఎన్నికలో తపాలా ఓట్లయందు విరివిగా మోసము జరిగినదని న్యాయస్థానము కనుగొనెను. 1998 మార్చిలో అప్పీలు కోర్టు తపాలా ఓట్లనన్నిటిని త్రోసివేసి, ఓడినాడని ప్రకటింపబడిన జో కరోలోను మేయరు పదవియందు నిలిపెను. మాజీ అధ్యక్షుడు కార్టరును, మాజీ విదేశాంగ మంత్రి బేకరును అధ్యక్షత వహించిన సంఘము 2005లో, ఎన్నికల మోసమునకు ఎక్కువ అవకాశమున్నది ఇట్టి ఓట్లయందేనని హెచ్చరించెను. 2018లో ఉత్తర కరోలినా 9వ నియోజకవర్గమున 905 ఓట్ల ఆధిక్యముతో గెలిచినట్లు కనబడిన అభ్యర్థి తరఫున పనిచేసిన కొందరు ఇంటింటికి తిరిగి తపాలా పత్రములను అక్రమముగా పోగుచేసిరని విచారణలో బయటపడెను. అభ్యర్థి కుమారుడే వచ్చి, తండ్రిని ముందుగా హెచ్చరించితినని సాక్ష్యమిచ్చెను. 2019 ఫిబ్రవరిలో రాష్ట్ర ఎన్నికల మండలి ఏకగ్రీవముగా క్రొత్త ఎన్నికకు ఆదేశించెను.

ఐరోపాలోను ఇట్టివి జరిగినవి. ఫ్రాన్సు 1975లో తపాలా ఓటును రద్దుచేసి, మరియొకరిద్వారా ఓటు వేయించు పద్ధతి నుంచుకొనెను. ఇంగ్లండునందలి బర్మింగ్‌హామున 2004లో జరిగిన నగరపాలక ఎన్నికలలో రెండు వార్డులకు చెందిన ఆరుగురు సభ్యుల ఎన్నిక 2005లో రద్దయ్యెను. పిదప 2006 చట్టము తపాలా ఓటరు సంతకమును, పుట్టిన తేదీని సరిచూచు నిబంధనకు దారితీసెను. ఈ దృష్టాంతములలో గమనింపవలసిన దేమన, మోసము ప్రాయికముగా చిన్న ప్రాంతమున, కొద్దిమంది చేతులమీదుగా జరిగినది. సాక్షులు, పత్రములు, పేర్లు, తేదీలు న్యాయపీఠము ముందుకు వచ్చినవి. మోసపు ఫలితము నిలువలేదు.

ఇక 2020. కరోనా వ్యాధి వ్యాపించియుండుటచే ఆ యేడు అమెరికాలో ఓటు వేసినవారిలో నూటికి 43 మంది తపాలా పత్రముల నుపయోగించిరి. తపాలా ఓటు మోసములకు నిలయమని అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఎన్నికకు నెలల ముందునుండియే చెప్పుచుండెను. అందుచే ఆయన అనుయాయులలో అధికులు నేరుగా పోయి ఓటు వేసిరి. ప్రత్యర్థియగు జో బైడెన్ పక్షమువారు హెచ్చుగా తపాలాలో పంపిరి. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ రాష్ట్రముల చట్టము ప్రకారము ఎన్నికదినమునకు ముందు ఈ కవరులను విప్పరాదు. ఫలితమేమన, నవంబరు 3వ తేదీ రాత్రి నేరుగా వేసిన ఓట్లు ముందుగా లెక్కకు వచ్చి ట్రంప్ ఆధిక్యమున నున్నట్లు తోచెను. తరువాతి దినములలో కవరులు విప్పిన కొలది ఆ ఆధిక్యము కరగిపోయెను. లెక్కింపు వరుసయే దీనికి కారణము. కాని రాత్రి నిద్రించునప్పుడు గెలుపును చూచి, లేచి ఓటమిని చూచిన సామాన్యునికి అనుమానము కలుగుట సహజము. ఆ యనుమానమును తీర్చవలసిన నాయకులే దానిని రాజవేసిరి.

అనుమానము పరీక్షకు నిలిచెనా? 60కి పైగా దావాలు నడచినవి. దాదాపు అన్నియు వీగిపోయెను. వానిని త్రోసివేసిన న్యాయమూర్తులలో ట్రంపే నియమించినవారును ఉండిరి. జార్జియాలో సుమారు 50 లక్షల ఓటు పత్రములను చేతితో మరల లెక్కించిరి. తుది లెక్కలో బైడెన్ ఆధిక్యము 11,779గా తేలెను. అదే రాష్ట్రపు కాబ్ కౌంటీలో 15,118 కవరులపై సంతకములను దర్యాప్తు శాఖవారు పరిశీలింపగా దొంగ ఓటు ఒక్కటియు కానరాలేదు. డిసెంబరు 1వ తేదీన అటార్నీ జనరలు బార్, ఫలితమును మార్చగల మోసమేదియు తమ శాఖకు కనబడలేదని ప్రకటించెను. అరిజోనాలో ట్రంప్ పక్షపు శాసనసభ్యులే చేయించిన పునఃపరిశీలనయందు, 2021లో, బైడెనుకు 99 ఓట్లు పెరిగి ట్రంపునకు 261 తగ్గెను. ఆరు ముఖ్య రాష్ట్రములను గాలించిన అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థకు అనుమానింపదగిన సంఘటనలు 475 కంటె తక్కువగా కనబడెను.

అయినను ఆరోపణ ఆగలేదు. 2021 జనవరి 6వ తేదీన ఫలితమును ధ్రువపరచుచున్న శాసనసభా భవనముపై ఒక గుంపు విరుచుకుపడెను. దానికంటె తక్కువగా చెప్పుకొన్నను మరువరాని గాథ మరియొకటి కలదు. అట్లాంటా నగరమున తపాలా ఓట్లను లెక్కించిన సామాన్యోద్యోగినులు ఇరువురు, తల్లియు కుమార్తెయు, దొంగ ఓట్లు చేర్చిరను అపనిందకు గురియై, బెదిరింపులకు తాళలేక ఇల్లు విడువవలసి వచ్చెను. ఆ నింద వేసిన ప్రముఖ న్యాయవాది వారికి 14 కోట్ల 80 లక్షల డాలర్ల పరిహారము చెల్లింపవలెనని 2023 డిసెంబరులో జ్యూరీ నిర్ణయించెను. సాక్ష్యము లేని మాటకు మూల్యము చెల్లించువారు తరచుగా బల్లవద్ద కూర్చుండి కవరులు విప్పు చిరుద్యోగులే.

మన దేశమున తపాలా ఓటు పరిమితమైనది. సైనికులు, ఎన్నికల విధులలోని ఉద్యోగులు మొదలగు కొన్ని తరగతులవారికే అది లభించుచు వచ్చినది; 2019లో 80 ఏండ్లు దాటిన వృద్ధులకును, వికలాంగులకును విస్తరించి, 2024లో వృద్ధుల వయఃపరిమితిని 85కు పెంచిరి. 1961 నియమముల ప్రకారము ఓటు పత్రమును చిన్న కవరులో మూసి, సంతకము చేసి అధికారిచే ధ్రువపరుపబడిన ప్రకటన పత్రముతో కూడ పెద్ద కవరులో నుంచవలెను. ప్రకటన సరిగా లేనిచో లోని కవరును విప్పనే విప్పరు.

ఇచ్చటి వివాదములు మోసమునుగూర్చియే కాక, త్రోసివేతనుగూర్చియు వచ్చినవి. గుజరాతునందలి ధోల్కాలో 2017లో గెలుపు ఆధిక్యము 327; త్రోసివేసిన తపాలా ఓట్లు 429. ఆ యెన్నికను హైకోర్టు 2020 మే నెలలో రద్దుచేసెను. కొద్దిదినములకే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ఎన్నికల లెక్కింపునకు ముందు ప్రకటన పత్రములపై ధ్రువపరచిన అధికారి సంతకముండి, పేరు, హోదా, ముద్ర లేనిచో ఓటు చెల్లునా యను తగవు పుట్టెను. చెల్లునని ఎన్నికల సంఘము తెలుపగా, ఒక పక్షమువారు హైకోర్టుకును, పిదప సుప్రీంకోర్టుకును పోయిరి. రెండు న్యాయస్థానములును జోక్యము చేసికొనలేదు. ముద్ర వేయుట మరచినది అధికారి. అందుకు శిక్ష ఓటరుకా యను ప్రశ్న అందు ఇమిడియున్నది. దొంగ ఓటును చేర్చుట ఎంత దోషమో, నిజమైన ఓటును అనుమానముతో పారవేయుటయు అంత దోషమే.

కాబట్టి తపాలా ఓటును గుడ్డిగా నమ్మవలెనని గాని, గుడ్డిగా ద్వేషింపవలెనని గాని చరిత్ర చెప్పుట లేదు. మయామీలోను బర్మింగ్‌హాములోను అనుమానించినవారు న్యాయస్థానమునకు సాక్ష్యము తెచ్చిరి, గెలిచిరి. 2020లో తెచ్చినవారి చేతులలో సాక్ష్యము లేకపోయెను, ఓడిరి. కవరు వచ్చు దారి అందరికిని కనబడునట్లు చేయుట ప్రభుత్వముల బాధ్యత. చూచి, లెక్కించి, తీర్పు వచ్చినపిదప తలయొగ్గుట పక్షముల బాధ్యత. ఉత్తరమేరూరు మధ్యస్థుడు తన అయిదు వ్రేళ్లను చాచి చూపినపుడు సభవారు ఆ చేతిని పరీక్షింపవచ్చును. ఆకు మీది పేరు తమకు నచ్చలేదని, తెరచిన చేతిని మూసినదనరాదు.