భోజనశాలలలో టిప్పు, సేవా రుసుము

ఈ వ్యాసం హోటళ్ళలో ఇచ్చే టిప్పు గురించి. మైసూరు పాలకుని కొరకు టిప్పు సుల్తాన్ వ్యాసం చూడండి.

భోజనశాలలో తమకు వడ్డించినవారికి భోజనం చేసినవారు ఇష్టపూర్వకముగా ఇచ్చే చిన్న మొత్తాన్ని టిప్పు అంటారు. యాజమాన్యమే ఒక నిర్ణీత శాతం చొప్పున బిల్లులో కలిపి వసూలు చేసే మొత్తాన్ని సేవా రుసుము లేక సర్వీసు ఛార్జి అంటారు. రెండూ వడ్డన పేరుతో చెల్లించేవే అయినా, మొదటిది ఎంత ఇవ్వాలో ఇచ్చేవారు నిర్ణయిస్తారు, రెండవది తీసుకొనేవారు నిర్ణయిస్తారు. నెల్లూరు తీరం నుండి చదువులకు, ఉద్యోగాలకు, పిల్లలను చూడడానికి విదేశాలకు వెళ్ళేవారు మొదట తడబడే విషయాలలో ఇది ఒకటి. టిప్పు ఒక దేశంలో మర్యాద, ఒక దేశంలో జీతంలో భాగం, మరొక దేశంలో ఇబ్బందికరం.

పేరు

టిప్పు అనేది ఆంగ్ల పదం. "సత్వర సేవ కొరకు" అని అర్థం వచ్చే ఆంగ్ల పదబంధంలోని మొదటి అక్షరాలతో ఇది ఏర్పడినదనే కథ ప్రచారంలో ఉన్నది కాని అది కల్పన. 17వ శతాబ్దపు ఇంగ్లాండులో దొంగల సంకేత భాషలో "అందించు" అనే అర్థంలో ఈ మాట ఉండేది. తెలుగులో ఇదివరకే ఈనాము, బక్షీసు అనే మాటలు ఉన్నాయి. ఈనాము అరబ్బీ నుండి, బక్షీసు పారసీ నుండి వచ్చాయి. అరబ్బీ నుండే వచ్చిన మామూలు అనే మాటకు వాడుక ప్రకారం ఉన్నది అని అర్థం. తెలుగులో అది లంచానికి మారుపేరు కూడా అయినది.

నెల్లూరు తీరంలో వాడుక

16వ నంబరు జాతీయ రహదారి వెంట కావలి, నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేటలలోని భోజన హోటళ్ళలోనూ, మైపాడు వంటి తీర గ్రామాల దారిలో చేపల పులుసు వడ్డించే చిన్న హోటళ్ళలోనూ సాధారణంగా బిల్లులో సేవా రుసుము ఉండదు. బోర్డు మీద వ్రాసినదే ధర. మారు వడ్డన కూడా అందులోనే ఇమిడి ఉంటుంది. ముందుగా టోకెన్ తీసుకొనే చోట టిప్పు ప్రసక్తే రాదు. సర్వరు బిల్లు తెచ్చి ఇచ్చే చోట సోంపు పళ్ళెంలో మిగిలిన చిల్లరనో, పది ఇరవై రూపాయలనో వదలి రావడం వాడుక. దీనికి శాతం లెక్క లేదు. ఇవ్వకపోయినా ఎవరూ అడగరు. ఫోను ద్వారా చెల్లింపులు పెరిగిన తరువాత పళ్ళెంలో చిల్లర మిగలడం తగ్గినది. యజమాని ఖాతాలో పడే సొమ్ములో సర్వరుకు వాటా ఉండదు గనుక ఈ మార్పు వలన నష్టపోయినది అతడే.

భారతదేశంలో చట్టం

పెద్ద నగరాలలోని రెస్టారెంట్లలో 5 నుండి 10 శాతం వరకు సేవా రుసుము కలపడం చాలాకాలంగా ఉన్నది. చాలామంది దీనిని ప్రభుత్వ పన్నుగా పొరబడతారు. 2017 జూలై 1న జీఎస్‌టీ రాక ముందు బిల్లులో సేవా పన్ను అనే వరుస ఉండడం ఈ గందరగోళానికి ముఖ్య కారణం. పన్ను ప్రభుత్వానికి చేరుతుంది, రుసుము యజమానికి చేరుతుంది.

ఇది ఐచ్ఛికమేనని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2017 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు ఇచ్చినది. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మరింత స్పష్టంగా, సేవా రుసుమును బిల్లులో దానంతట అది కలపరాదని, వేరే పేరుతో వసూలు చేయరాదని, చెల్లించనివారికి ప్రవేశం నిరాకరించరాదని, రుసుము కలిపిన మొత్తంపై జీఎస్‌టీ వేయరాదని ప్రకటించినది. చివరి అంశం లెక్క చూస్తే తెలుస్తుంది. 1000 రూపాయల భోజనానికి 5 శాతం పన్నుతో 1050 రూపాయలు అవుతుంది. 10 శాతం రుసుము కలిపి దానిపై పన్ను వేస్తే 1155 రూపాయలు.

రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళగా అదే నెలలో ఈ మార్గదర్శకాలపై స్టే లభించినది. 2025 మార్చి 28న న్యాయమూర్తి ప్రతిభా ఎం. సింగ్ ఆ పిటిషన్లను కొట్టివేసి మార్గదర్శకాలను సమర్థించారు. సంఘాలు ద్విసభ్య ధర్మాసనానికి అప్పీలు చేసుకొన్నాయి. రుసుము తొలగించమని అడిగినా వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. జిల్లా కలెక్టరుకు గాని, జిల్లా వినియోగదారుల కమిషనుకు గాని ఫిర్యాదు చేయవచ్చును.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో

తెలుగువారికి ఎక్కువ చిక్కు వచ్చేది ఇక్కడే. కూర్చుని భోజనం చేసే హోటళ్ళలో పన్నుకు ముందున్న మొత్తంపై 15 నుండి 20 శాతం టిప్పు ఇవ్వడం ఆచారం. చట్టం దీనిని తప్పనిసరి చేయలేదు. అయితే వేతన చట్టం దీని మీదనే ఆధారపడి ఉన్నది.

1860లలో జరిగిన అంతర్యుద్ధం తరువాత, బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతివారిని హోటళ్ళు, పుల్‌మన్ రైలు కంపెనీ అతి తక్కువ జీతానికి పనిలో పెట్టుకొని మిగిలినది ప్రయాణికుల దయకు వదిలివేశాయి. ఐరోపా నుండి వచ్చిన టిప్పు ఆచారం ఆ విధంగా అక్కడ పాతుకొన్నది. దీనిని అవమానకరంగా భావించి 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధించినది. మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి కాని 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి. 1966లో చేసిన చట్ట సవరణతో, టిప్పులు పొందే ఉద్యోగికి యజమాని కనీస వేతనంలో కొంత భాగమే ఇచ్చి, తక్కినది టిప్పులతో పూడినట్లు చూపే వీలు కలిగినది. సమాఖ్య చట్టం ప్రకారం ఆ భాగం గంటకు 2.13 డాలర్లు. 1991 నుండి ఇది మారలేదు. మామూలు కనీస వేతనం 2009 నుండి 7.25 డాలర్లు. టిప్పులు కలిపినా అంత రాకపోతే తేడాను యజమాని భర్తీ చేయాలి.

తెలుగువారు అధికంగా ఉన్న డల్లాస్ నగరం గల టెక్సాస్‌లో ఈ 2.13 డాలర్ల లెక్కే అమలులో ఉన్నది. కాలిఫోర్నియాలో ఈ వెసులుబాటు లేదు. సర్వరుకు కూడా పూర్తి కనీస వేతనం ఇవ్వాలి. అయినా టిప్పు ఆచారం రెండు చోట్లా ఒకటే.

40 డాలర్ల భోజనానికి 8 డాలర్ల టిప్పును రూపాయలలోకి మార్చుకొంటే నెల్లూరులో ఇద్దరి భోజనం ఖర్చు కనబడుతుంది. కొత్తగా వెళ్ళినవారికి చేయి రాకపోవడం సహజమే. కాని డల్లాస్‌లో టిప్పు ఇవ్వకుండా లేచి వస్తే ఆ పద్ధతిని పెట్టిన యజమానికి నష్టమేమీ ఉండదు, తగ్గేది వడ్డించినవారి ఆ పూట సంపాదన.

దీనికి వ్యతిరేకమైన పొరబాటు కూడా ఉన్నది. ఆరుగురు లేక అంతకు మించి కలిసి వచ్చినప్పుడు చాలా హోటళ్ళు 18 శాతం వరకు బిల్లులోనే కలుపుతాయి. అది చూడక కింద ఖాళీ వరుసలో మళ్ళీ టిప్పు వ్రాస్తే రెండుసార్లు చెల్లించినట్లే. అక్కడి పన్నుల శాఖ 2012లో ఇచ్చిన వివరణ ప్రకారం ఇలా కలిపినది టిప్పు కాదు, సేవా రుసుమే. కౌంటరులో పొట్లం తీసుకొనేటప్పుడు యంత్రం తెరపై కనబడే శాతాలను దాటవేయడం తప్పుగా భావించనక్కరలేదు.

ఇతర దేశాలలో

సింగపూరు రెస్టారెంట్లలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే 10 శాతం సేవా రుసుము, ఆ మొత్తంపై 9 శాతం జీఎస్‌టీ అదనమని అర్థం. 100 డాలర్ల భోజనానికి 119.90 డాలర్లు చెల్లించాలి. విడిగా టిప్పు ఆశించరు. హాకర్ సెంటర్లలో రెండూ లేవు. బ్రిటన్‌లో బిల్లులో కలిపే 12.5 శాతం సాధారణంగా ఐచ్ఛికం, తీసివేయమని అడగవచ్చును. 2024 అక్టోబరు 1 నుండి ఆ సొమ్మును యజమాని ఉంచుకొనకుండా ఉద్యోగులకే పంచాలనే చట్టం అమలులోకి వచ్చినది. ఫ్రాన్సులో 1987 నుండి వడ్డన రుసుము కలిపిన ధరనే పట్టికలో చూపాలి. జపానులో మామూలు భోజనశాలలలో టిప్పు ఇవ్వరు. బల్లపై డబ్బు వదలి వస్తే మరచిపోయారనుకొని వెనుకనే పరుగెత్తుకొని వచ్చి తిరిగి ఇస్తారు.