పదును లెక్క

మన అమ్మల కాలంలో నేల తేమ కొలిచే మిషను లేదు. మాట మాత్రం ఉంది: పదును. అదును, పదును రెండూ చూసుకునే విత్తనం వేసేవాళ్లు. భద్రాచలం అడవి అంచు ఊళ్లలో పోడు చేలు, చెల్కలు వాన మీదే బతికేవి. కాబట్టి మట్టి పిసికి చూడడం ఇంటింటా తెలిసిన విద్యే.

తర్వాత బోర్లు వచ్చాయి. 2011లో మొదలైన ఇందిర జలప్రభ కింద ఎస్సీ, ఎస్టీ భూములకూ వచ్చాయి. నీళ్లు వచ్చాక మనం మట్టి చూడడం మానేశాం. ఆటో స్టార్టర్ పెట్టి పడుకున్నాం. కరెంటు ఉన్నంతసేపూ మిర్చి చేలో నీళ్లు నిలిచాయి. నల్లరేగడిలో వేర్లకు గాలి ఆడక మొక్కలు వడలితే, ఎండిందనుకుని ఇంకో తడి పెట్టాం. వేరుకుళ్లుతో చెట్లు పోయాయి, అప్పు మిగిలింది.

బయట దేశాల్లోనూ ఇదే చిక్కు. అందుకే 1920లలో అమెరికా శాస్త్రవేత్తలు టెన్షియోమీటర్ మీద పని చేశారు. నీళ్లు నింపిన గొట్టం, అడుగున మట్టితో కాల్చిన గిన్నె, పైన ముల్లు ఉంటాయి. నేల ఎండేకొద్దీ గిన్నెలోంచి నీటిని గుంజుతుంది, ముల్లు జరుగుతుంది. నీటి కోసం వేరు ఎంత కష్టపడుతోందో అలా తెలుస్తుంది. మన దేశంలో కోయంబత్తూరు చెరకు పరిశోధన సంస్థ లైట్ల పరికరం చేసింది. నీలం, ఆకుపచ్చ వెలిగితే ఆగాలి. నారింజ వెలిగితే తడి పెట్టుకోవాలి. ఎరుపైతే ఆలస్యం చేయొద్దు.

రాసుకోవడం ఎంత ముఖ్యమో ఉమ్మడి రాష్ట్రంలోనే చూశాం. 2003 నుంచి నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం సహా ఏడు జిల్లాల్లో రైతులే, ఆడా మగా కలిసి, వాననూ బోరు నీటిమట్టాన్నీ కొలిచి రాశారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో లెక్క కట్టారు. మన ఖమ్మం అందులో లేదు. పద్ధతి మాత్రం మనమూ పట్టుకోవచ్చు.

పరికరం లేకున్నా చెయ్యి ఉంది. పైమట్టి చూసి మోసపోవద్దు. జానెడు లోతున, వేర్ల దగ్గరి మట్టి తీసి పిడికిట్లో నొక్కాలి. ఉండ కట్టి చేతికి తడి అంటితే మోటారు వేయొద్దు. ఉండ రాక పొడిపొడిగా రాలితే తడి పెట్టాలి. చెల్క నేలలో ఉండ గట్టిగా రాదు, తొందరగా ఆరుతుంది. అందుకే రేగడి లెక్క చెల్కకు పనికిరాదు.

రూపాయి పొదుపు చేసినా పుస్తకంలో రాసుకునే వాళ్లం మనం. ఈ యాసంగి నుంచి అదే సంఘం మీటింగులో ఇంకో పేజీ తెరుద్దాం: ఏ రోజు మట్టి చూశాం, ఎలా ఉంది, ఎన్ని గంటలు మోటారు నడిచింది. పంట చేతికొచ్చాక ఆ పేజీ అందరం కలిసి చదువుకుందాం.