ఎండ జమాఖర్చు: టైడా కొండ నుంచి కోరంగి మడ దాకా

శీతాకాలం పొద్దున్నే అనంతగిరి కొండల్లోని టైడా స్టేషన్‌లో రైలు దిగితే ఎదుటి కొండ కనిపించదు. లోయ నిండా మంచు పరుచుకుని ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ అది చెట్ల నడుమ నుంచి పొగలా లేచిపోతుంది. ఎండ బాగా కాస్తున్నా గాలి ఇంకా చల్లగానే తగులుతుంది. వచ్చిన వేడిలో చాలా భాగం ఆకుల మీది తడిని ఆవిరి చేయడానికే చెల్లిపోవడం దీనికి కారణం. అదే వేళకు పక్కనున్న బోడి వాలు మీద కాలు పెడితే మట్టి అప్పటికే వెచ్చబడి ఉంటుంది.   

నేల మీద పడిన ఎండలో కొంత వెనక్కి తుళ్ళిపోతుంది. మిగిలినదానిలో కొంత మట్టిని, కొంత గాలిని వేడెక్కిస్తుంది, కొంత నీటిని ఆవిరి చేస్తుంది. ఈ జమాఖర్చునే శాస్త్రవేత్తలు ఉపరితల శక్తి సమతుల్యత అంటారు. ఇందులో పెద్ద ఖర్చు ఆవిరిదే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ళ శక్తి కావాలి. అదే లీటరు నీటిని మామూలు చల్లదనం నుంచి మరిగే దాకా కాచడానికి పట్టే వేడికి ఇది దాదాపు ఎనిమిది రెట్లు. అందుకే తడి ఉన్న చోట ఎండ చల్లబడుతుంది, తడి లేని చోట కాలుస్తుంది.

మన తీరంలో ఈ లెక్క మొదలైంది జమ వైపు నుంచే. సామర్లకోటలో 1781 నుంచి 1793 దాకా ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మద్రాసులోనే వాతావరణ దినచర్య రాసే అలవాటు చేసుకున్నాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1892లో చనిపోయే దాకా దాన్ని నడిపాడు. నక్షత్రాలతోపాటు వానను, వేడిని, గాలి పీడనాన్ని కూడా ఓపిగ్గా నమోదు చేయించాడు. జమీందారీ కుటుంబాల డబ్బు సాధారణంగా ఎటు పోయేదో తెలిసినవాళ్ళకు ఇది చిన్న విషయంగా తోచదు. అయితే ఆ పుస్తకాలన్నీ పైనుంచి ఎంత వచ్చిందో చెప్పేవి. వచ్చింది ఎటు పోయిందన్న ప్రశ్న అప్పటికి పుట్టలేదు.

ఆ ప్రశ్నకు దారి 1926లో పడింది. నీటి ఉపరితలం నుంచి గాలికి వెళ్ళే వేడికి, ఆవిరితో వెళ్ళే వేడికి మధ్య నిష్పత్తిని అమెరికా భౌతికశాస్త్రవేత్త ఐరా బోవెన్ సూత్రీకరించాడు. ఆ తర్వాత 1948 ఒక్క ఏడాదిలోనే రెండు దారులు తెరుచుకున్నాయి. ఇంగ్లండులో పెన్‌మన్ ఎండ, గాలి, తేమ మూడింటినీ కలిపి ఆవిరి లెక్క కట్టాడు. అమెరికాలో థార్న్‌త్‌వెయిట్ ఉష్ణోగ్రతను, పగటి నిడివిని మాత్రమే తీసుకుని నేలకు నీటి అవసరం ఎంతో చెప్పాడు. న్యూజెర్సీలోని సీబ్రూక్ పొలాల్లో బఠాణీ ఎప్పుడు కోతకొస్తుందో ముందే లెక్కగట్టి చెప్పినవాడు ఆయనే.

ఈ రెండో దారిని వాల్తేరుకు తెచ్చినవాడు వి.పి. సుబ్రహ్మణ్యం. థార్న్‌త్‌వెయిట్ దగ్గర పనిచేసి వచ్చి, ఆ పద్ధతి ప్రకారం భారతదేశ శీతోష్ణ మండలాలను వర్గీకరించిన వ్యాసాన్ని 1956లో ప్రచురించాడు. అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నీటి సమతుల్యత అధ్యయనానికి ఒక సంప్రదాయమే నిలబడింది. 1982లో ఆ విషయం మీద ఆయన రాసిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. ఎండను కొలిచే పరికరాలు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో, తాలూకా కేంద్రంలోని థర్మామీటరుతో పని జరిగిపోవడం పెద్ద వరం. లోపమూ అక్కడే ఉంది. మనిషిని చూడకుండా నీడను బట్టి ఎత్తు చెప్పినట్టు, ఎండను చూడకుండా ఉష్ణోగ్రతను బట్టి దాని ఖర్చు చెప్పడం అది.

థార్న్‌త్‌వెయిట్ లెక్కకు ఆధారం ఒక ఊహ: నీటికి ఏనాడూ కొదవలేని పచ్చని నేల. మామూలు పొలంలో అది ఊహే. కొల్లేటి సరస్సులో కిక్కిస గడ్డి నీళ్ళలో నిలబడి ఉన్నంతకాలం అది కళ్ళెదుటి నిజం. మడ అడవి దగ్గరకొచ్చేసరికి ఆ ఊహ తలకిందులవుతుంది. వేళ్ళ చుట్టూ నీరే, కానీ ఉప్పునీరు. చెట్టు ఆ నీటిని పిసినారిలా వాడుకుంటుంది. పైగా రోజూ ఆటుపోట్లు వచ్చి వేడిని పక్కకు మోసుకుపోతాయి. పైకీ కిందికీ మాత్రమే లెక్క చూసే సూత్రానికి ఈ పక్కదారి కనిపించదు. మడను కొలవడం ఆలస్యమైందంటే, చేరడం కష్టమైన బురదతోపాటు ఈ చిక్కు కూడా కారణమే.

తీర చిత్తడి నేలల మీద మన దగ్గర జరిగిన పని ఎక్కువగా మట్టి, నీరు, పక్షుల చుట్టూ తిరిగింది. గోదావరి మొగ దగ్గరి కోరంగి మడ అడవి 1978లో అభయారణ్యమైంది. కొల్లేరు 1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కింది. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు రాష్ట్రమంతా వాదులాడుకుంది. పక్షులు, ఉపాధి, ఓట్లు అన్నీ ఆ వాదనలోకి వచ్చాయి. పదడుగుల కాంటూరు దాకా 901 చదరపు కిలోమీటర్లున్న సరస్సు తన చుట్టూ గాలిని ఎంత చల్లబరుస్తోందన్న మాట మాత్రం చర్చకు వచ్చినట్టు నాకు గుర్తులేదు.

కోరంగి కథ కొండలతో ముడిపడి ఉంది. మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నది సీలేరై, శబరిలో కలిసి, శబరితోపాటు గోదావరిని చేరుతుంది. ఆ నీళ్ళు మోసుకొచ్చే ఒండ్రు మీదే మడ నిలబడుతుంది. దారిలో ఆనకట్టలు ఆ మట్టిని పట్టేస్తున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు, బి. హేమమాలిని పరిశోధనల ప్రకారం, 1970లలో గోదావరి సముద్రానికి తెచ్చిన ఒండ్రు 1990లకు వచ్చేసరికి సగానికంటే తక్కువైంది. డెల్టా అంచు కోతకు గురవుతోంది. అంచు పోతే దాని మీది మడ పోతుంది, మడతోపాటు అది చేసే ఎండ ఖర్చూ మారిపోతుంది.

విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం 2011లో మరో మెలిక బయటపెట్టింది. వానాకాలం వరదల్లో గోదావరి మొగ బొగ్గుపులుసు వాయువును పెద్ద ఎత్తున గాలిలోకి వదులుతోందని చూపించింది. తీరపు నీళ్ళన్నీ కార్బన్‌ను దాచుకునే ఖజానాలని అప్పటికే ప్రచారంలో పడ్డ మాటకు ఇది మంచి విరుగుడు.

వేడిని, ఆవిరిని, కార్బన్‌ను మడ మీదే నిలబడి ఒకేసారి కొలవడానికి స్తంభం కావాలి. గాలిలోని చిన్న సుడుల చలనాన్ని సెకనుకు పది, ఇరవైసార్లు పట్టుకునే పరికరాలు దాని మీద పెడతారు. ఈ ఆలోచనను ఆస్ట్రేలియాలో స్విన్‌బ్యాంక్ 1951లోనే చెప్పినా, మన మడల దాకా రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. సుందర్బన్స్‌లో నిలిపిన స్తంభం 2012 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు నమోదు చేసిన లెక్కలను హైదరాబాద్ జాతీయ దూరసంవేదన కేంద్రానికి చెందిన సూరజ్ రెడ్డి రొడ్డా, కిరణ్ చంద్ తుమాటి, వారి సహచరులు 2016లో ప్రచురించారు. ఏడాది మొత్తం మీద ఆ అడవి కార్బన్‌ను పీల్చుకునేదిగానే తేలింది. ఋతువును బట్టి వేడి ఎటు మళ్ళుతుందో కూడా ఆ లెక్కల్లోనే ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి అనంతగిరి కొండలెక్కింది. టైడా, అరకు దారుల్లో చెట్లు వరసగా కూలాయి. వాలు మీద నీడ ఒక్కరోజులో పోయింది. అలాంటి రోజుకు ముందూ తర్వాతా లెక్క చేతిలో ఉంటే కొండ ఎంత పోగొట్టుకుందో, ఎన్నేళ్ళకు తిరిగి కూడగట్టుకుందో చెప్పగలం. అందుకే టైడా వాలు మీద ఒకటి, కోరంగి మడలో ఒకటి, ఒకే రకం పరికరాలున్న స్తంభాలు కావాలి. అవి రెండూ ఒకే కాలంలో, కనీసం ఇరవై ఏళ్ళు ఆగకుండా నడవాలి. డబ్బు సంగతి ప్రభుత్వాలు చూడాలి. పరికరాలకు కాపలా, రోజువారీ నమోదు మాత్రం ఆ కొండ పిల్లలకూ, ఆ మొగ దగ్గరి బెస్త పిల్లలకూ నేర్పి, జీతమిచ్చి అప్పగించండి.