మంచు కేంద్రకాల లెక్కింపు పరికరాలు

మేఘంలోని నీటి తుంపరను మంచు స్ఫటికంగా మార్చే రేణువును మంచు కేంద్రకం అంటారు. గాలిలో అలాంటివి ఎన్ని ఉన్నాయో, ఎంత చలిలో పనికి వస్తాయో తేల్చే పరికరాలకు సుమారు ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. వాన కురిపించడానికి చేసే మేఘమథనంలో సిల్వర్ అయోడైడ్ చల్లడం ఎప్పుడు ఫలిస్తుందన్నది చాలావరకు ఈ లెక్కను బట్టే ఉంటుంది. మేఘానికి సొంత కేంద్రకాలు చాలనప్పుడే మనం అరువిచ్చినవి అక్కరకొస్తాయి.

నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం. మేఘంలో అలా జరగదు. ఆసరా దొరకని తుంపర మైనస్ 35 డిగ్రీలు దాటేదాకా నీరుగానే ఉండిపోగలదు. ఆసరా దొరికి ఒక్క తుంపర గడ్డకడితే మాత్రం చుట్టూ ఉన్న నీటి ఆవిరంతా ఆ స్ఫటికం మీదికే చేరుతుంది. పక్క తుంపరలు ఆరిపోతుంటే అది బరువెక్కి కిందికి జారుతుంది, దారిలో కరిగి వానచుక్క అవుతుంది. 1911లో వెగెనర్ సూచించిన ఈ ఆలోచనను 1930లలో స్వీడన్‌కు చెందిన బెర్గెరాన్, జర్మనీకి చెందిన ఫిండైసెన్ సిద్ధాంతంగా నిలబెట్టారు.

ఒంగోలుకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఉన్న కొత్తపట్నం ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి మంచి చోటు. అలల నురుగు నుంచి లేచే ఉప్పు రేణువులు అక్కడి గాలి నిండా ఉంటాయి. దగ్గర్లోని కనుపర్తి ఉప్పుమళ్లు తెలిసినవారికి ఉప్పు తేమను ఎలా లాగుతుందో చెప్పనక్కర్లేదు. ఆ గుణం వల్లే ఉప్పు రేణువు మీద నీటి తుంపర తేలిగ్గా తయారవుతుంది. కానీ దాన్ని మంచుగా మార్చడం ఉప్పుకు చేతకాదు. ఆ పని చేసేవి ఎక్కువగా నేల నుంచి లేచే ధూళిలో ఉంటాయి. పత్తి, మిరప పండే నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లోనైట్ బంకమన్నుకు ఆ గుణం కొంత ఉంది, అదీ బాగా చలిలోనే. పొటాషియం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం అంతకంటే ఎంతో చురుకైనదని 2013లో బ్రిటన్‌లోని లీడ్స్ పరిశోధకులు చూపించారు. కుళ్లిన ఆకులు, కొన్ని బాక్టీరియాలు మైనస్ 2 డిగ్రీల దగ్గరే నీటిని గడ్డకట్టించగలవని 1970లలో తేలింది.

ఈ రేణువులు ఎంత అరుదో చెబితేగాని వాటిని పట్టే పని ఎంత కష్టమో తెలియదు. మైనస్ 20 డిగ్రీల దగ్గర పనిచేసేవి లీటరు గాలిలో ఒకటి అటూఇటూగా ఉంటాయి. అదే లీటరులో మామూలు ధూళి రేణువులు పది లక్షల దాకా ఉండొచ్చు. సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డుకు రోజుకు లక్ష టిక్కీలు (బస్తాలు) వస్తాయనుకుంటే, పది రోజుల సరుకులో ఒక్క టిక్కీని గుర్తుపట్టినంత పని ఇది. పైగా ఆ ఒక్కటీ చూడటానికి మిగతావాటిలాగే ఉంటుంది. చలిలో పెట్టి, మంచు పుట్టించేదాకా ఆగి చూడటం తప్ప దాన్ని గుర్తుపట్టే దారి లేదు. ఇప్పటిదాకా వచ్చిన పరికరాలన్నీ ఆ ఒక్క పనినే రకరకాలుగా చేస్తాయి.

మొదటిది ఇంట్లో వాడే డీప్ ఫ్రీజర్. 1946 జులైలో అమెరికాలోని షెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో, విన్సెంట్ షెఫర్ దాని లోపల నల్లటి వెల్వెట్ గుడ్డ పరిచి, దీపం వెలుగు పడేలా పెట్టి, అందులోకి ఊపిరి వదిలేవాడు. ఊపిరి తేమ చిన్న మేఘంగా కమ్ముకునేది. రకరకాల పొడులు చల్లినా మంచు రాలేదు. ఒకరోజు పెట్టె తగినంత చల్లగా లేదని డ్రై ఐస్ ముక్క వేశాడు. మరుక్షణం వెలుగులో లక్షలాది స్ఫటికాలు తళతళలాడాయి. ఆ నవంబరు 13న విమానం నుంచి నిజమైన మేఘం మీదే డ్రై ఐస్ చల్లాడు. అదే నెలలో ఆయన సహచరుడు బెర్నార్డ్ వానెగట్, మంచుకు దగ్గరి స్ఫటిక నిర్మాణం ఉన్న పదార్థాల కోసం పట్టికలు వెతికి సిల్వర్ అయోడైడ్‌ను ఎంచుకున్నాడు. మొదటి నమూనా కల్తీది కావడంతో ఫలితం రాలేదు. శుద్ధమైనది దొరికాక అది మైనస్ 4, 5 డిగ్రీల నుంచే పనిచేసింది.

ఫ్రీజర్‌లో మంచు మెరవడం కనిపిస్తుంది, లెక్క మాత్రం చిక్కదు. ఆ లోటు తీర్చింది ఆస్ట్రేలియా. అక్కడి జాతీయ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ.లో ఇ.జి. బోవెన్ ఉల్కల ధూళే మంచు కేంద్రకాలవుతుందని, ఉల్కాపాతం జరిగిన నెల రోజులకు వానలు పెరుగుతాయని 1950లలో వాదించాడు. ఆ వాదన నిలవలేదు. కానీ దాన్ని పరీక్షించడానికి చాలా దేశాల్లో గాలిలోని కేంద్రకాలను లెక్కపెట్టే పని మొదలైంది. తప్పు ఊహ కూడా ఒక్కోసారి శాస్త్రానికి ఇంత మేలు చేస్తుంది.

అప్పటి పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇ.కె. బిగ్ వాడిన చక్కెర నీళ్ల పళ్లెం. చల్లటి గదిలో మేఘం పుట్టిస్తారు. అడుగున గడ్డకట్టని చక్కెర ద్రావణం పోసిన పళ్లెం పెడతారు. కంటికి ఆనని మంచు రేణువు అందులో పడగానే చుట్టూ ఉన్న నీటిని గడ్డకట్టించుకుంటూ పెరుగుతుంది. కాసేపట్లో పళ్లెం మీద తెల్లటి చుక్కలు తేలతాయి. ఒక్కో చుక్క ఒక్కో కేంద్రకం. వంగి చూసి, వేలుపెట్టి లెక్కపెట్టుకోవడమే.

1963లో బిగ్, మాసప్ తదితరులు ఫిల్టర్ పద్ధతి తెచ్చారు. గాలిని సన్నని పొర గుండా లాగి, రేణువులు అంటిన పొరను చల్లటి పలక మీద, తేమలో ఉంచి పెరిగిన స్ఫటికాలను లెక్కిస్తారు. ఎక్కడ గాలి పట్టినా ప్రయోగశాలకు తెచ్చి చూసుకోవచ్చు, అది దీని సుఖం. పొర మీది ఉప్పు రేణువులు, పక్కనున్న స్ఫటికాలు తేమను దోచుకుంటే లెక్క తగ్గిపోతుంది, అది దీని చిక్కు. కొత్తపట్నం లాంటి తీరపు గాలిని ఇలా కొలిచేటప్పుడు ఈ చిక్కును మరవకూడదు.

1967లో అమెరికాలోని ఎన్‌కార్ సంస్థలో గెర్‌హార్డ్ లాంగర్ బృందం చెవితో లెక్కించే యంత్రాన్ని చేసింది. చలి గదిలో పెరిగిన స్ఫటికాలు సన్నని గాజు గొట్టం గుండా దూసుకుపోతూ చిన్న టక్కుమన్న చప్పుడు చేస్తాయి. దాన్ని మైక్రోఫోన్ పట్టుకుంటుంది. నిరంతరం నడిచే ఈ యంత్రాన్ని విమానంలో పెట్టి, సిల్వర్ అయోడైడ్ పొగ ఎటు పోతోందో వెంటాడేవారు. మేఘమథనం చేసేవారికి ఇది పెద్ద ఆధారం. చల్లిన మందు మేఘంలోకి వెళ్లిందో, పక్కదారి పట్టిందో మొదటిసారి వెంటనే తెలిసింది.

పరికరాలు పెరిగేకొద్దీ పేచీ కూడా పెరిగింది. 1967లో ఫ్రాన్స్‌లోని లానెమెజాన్‌లో, 1970లో ఫోర్ట్ కాలిన్స్‌లో, 1975లో లారమీలో వాటిని పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే గాలికి లెక్కల్లో పదింతలకు పైగా తేడా వచ్చింది. కేంద్రకాలు తేమ మీద మేలుకునే తీరు వేరు, తుంపరలో మునిగి మేలుకునే తీరు వేరు, తుంపరను తాకి మేలుకునే తీరు వేరు. ఒక్కో పరికరం ఒక్కో తీరునే పట్టుకుంటోందని అప్పుడు అర్థమైంది. 1971లో గాబర్ వాలి సూత్రీకరించిన చుక్కల పద్ధతి మునిగే తీరు కోసం. వాననీటిని చిన్న చుక్కలుగా చల్లటి పలక మీద పేర్చి, డిగ్రీ తగ్గేకొద్దీ ఎన్ని చుక్కలు తెల్లబడ్డాయో రాసుకుంటారు. 1988లో డేవిడ్ రోజర్స్ వివరించిన నిరంతర ప్రవాహ గది మరో పెద్ద మెట్టు. వేర్వేరు చలిలో ఉంచిన రెండు మంచుగోడల మధ్య నుంచి గాలిని పంపితే, తేమ, చలి మనం కోరినంత పాళ్లలో అమరుతాయి. నేటి పరికరాలు చాలా దాని సంతానమే. 2015లో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో మళ్లీ పోల్చి చూసినప్పుడు లెక్కలు ముందుకన్నా దగ్గరకొచ్చాయి. అయినా కొన్ని ఉష్ణోగ్రతల దగ్గర పదింతల తేడా మిగిలింది.

మన దేశంలో 1950లలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో వాన, మేఘ భౌతిక పరిశోధన విభాగం ఏర్పడింది. బిహెచ్.వి. రమణమూర్తి వంటివారు అక్కడ పనిచేశారు. తర్వాత ఆ పని పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ ఐఐటీఎంకు చేరింది. బారామతిలో 1973 నుంచి 1986 దాకా పదకొండు సీజన్లు ఉప్పు చల్లి చూస్తే వాన 24 శాతం పెరిగినట్టు తేలింది. అవి మంచుస్థాయికి చేరని వెచ్చని మేఘాలు, మంచు కేంద్రకాలతో పనిలేనివి. తెలుగునాట మేఘమథనం అన్న మాట ఇంటింటికీ తెలిసింది 2000ల దశకంలో. కరువు జిల్లాల మీద విమానాలు వెచ్చని మేఘాలకు కాల్షియం క్లోరైడ్, చల్లని మేఘాలకు సిల్వర్ అయోడైడ్ పట్టుకెళ్లేవి. హైదరాబాద్ జేఎన్‌టీయూకు అందులో సాంకేతిక పాత్ర ఉండేది. మార్కాపురం, కనిగిరి వైపు ఆకాశం చూస్తూ కూర్చున్న రైతుకు ఆ విమానం చప్పుడే ఒక ఊరట.

2009లో ఐఐటీఎం మొదలుపెట్టిన కైపీక్స్ ప్రయోగం ఈ విషయాన్ని మన ఆకాశంలోనే తరచి చూసింది. హైదరాబాద్ స్థావరంగా విమానాలు ఎగిరాయి. 2011లో మహబూబ్‌నగర్‌లో నేల మీది పరికరాలతో గాలిని కొలిచారు. ధూళి ఎక్కువైతే తుంపరలు చిన్నవైపోయి, మేఘం మరింత ఎత్తు పెరిగితేగాని వాన మొదలవడం లేదని గమనించారు. ఆ ఎత్తులోనే మంచు కేంద్రకాల పని మొదలవుతుంది. వానాకాలంలో ఇక్కడ సున్నా డిగ్రీలు సుమారు ఐదు కిలోమీటర్ల పైన, మైనస్ 20 ఎనిమిది దాటాక వస్తాయి.

ఈ మేఘాల్లో ఇంకో చిక్కుముడి ఉంది. ఫిల్టర్ పద్ధతి తెచ్చినవారిలో ఒకరైన మాసప్, 1974లో హాలెట్‌తో కలిసి, మైనస్ 3 నుంచి మైనస్ 8 డిగ్రీల మధ్య తుంపరలు మంచు రేణువుకు అంటుకుని గడ్డకట్టేటప్పుడు సన్నని ముక్కలు చిట్లిపోతాయని చూపించారు. ఆ ముక్కల్లో ప్రతిదీ మళ్లీ ఒక స్ఫటికమే. దాంతో ఒక కేంద్రకం నుంచి వందల స్ఫటికాలు పుట్టగలవు. కేంద్రకాల లెక్క ఒక్కటే చాలదు. అందుకే కైపీక్స్ విమానాలు మేఘంలోకి వెళ్లి స్ఫటికాలనే నేరుగా ఫొటోలు తీసి లెక్కపెట్టాయి.